మౌస్ మారిస్తే మణికట్టు నొప్పి పోతుందా?

సోమవారం ఓపీ అంటే మా దగ్గర తొమ్మిదింటికే వరండా నిండిపోతుంది. మూడు నెలల కిందట అలాంటి ఓ సోమవారం శామీర్‌పేట వైపు నుంచి ఒకామె వచ్చారు. వయసు నలభై లోపే. ఆన్‌లైన్ సేవల కేంద్రంలో కంప్యూటర్ ఆపరేటర్. ఆదాయ, కుల ధ్రువపత్రాల దరఖాస్తులు, కరెంటు బిల్లులు, పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు... పొద్దున్నుంచి సాయంత్రం దాకా మౌసూ కీబోర్డుతోనే పని. కుర్చీలో కూర్చోగానే నొప్పి గురించి చెప్పలేదు. ఫోన్ తీసి నా ముందు పెట్టారు. తెర మీద నల్లటి పలక లాంటి వస్తువు. ధర 2,499 రూపాయలు.

‘‘మేడమ్, ఇది ట్రాక్‌ప్యాడ్ అంట. మౌస్ పట్టుకునే పని లేదంట, వేలితోని రాస్తే చాలంట. ఇది తీసుకుంటే నా చెయ్యి తిమ్మిర్లు పోతయా? మా తమ్ముడు ఇదే కొనమంటున్నడు’’ అని అడిగారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడ్డ మేడ్చల్, శామీర్‌పేట పరిసరాలు ఇప్పుడు ఎలా మారాయో ఇక్కడి వాళ్లకు చెప్పక్కర్లేదు. ఇటు నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి, అటు రాజీవ్ రహదారి, రెండింటినీ కలుపుతూ ఔటర్ రింగ్ రోడ్డు. జీనోమ్ వ్యాలీ ల్యాబులు, పారిశ్రామిక వాడలు, గోదాములు, కాలేజీలు వచ్చాయి. 2020 తర్వాత ఇంటి నుంచే పనిచేసేవాళ్లూ పెరిగారు. చాలా ఇళ్లలో డైనింగ్ టేబులే ఆఫీసు. దాంతో నా ఓపీలో జ్వరాలు, షుగరు, బీపీల మధ్య ‘కంప్యూటర్ చెయ్యి’ కూడా ఓ వరుస కట్టింది. వచ్చేవాళ్లలో సగం మంది మందు కంటే ముందు వస్తువు పేరు అడుగుతారు. నిలువు మౌస్ మంచిదా, జెల్ ప్యాడ్ మంచిదా, ట్రాక్‌ప్యాడ్ మంచిదా అని.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చేతి నొప్పికి మొదటి మందు షాపింగ్ కాదు. అలాగని ట్రాక్‌ప్యాడ్ దండగ అని కొట్టిపారేయడమూ సరికాదు. అది కొందరికి నిజంగా మేలు చేస్తుంది, కొందరికి కొత్త నొప్పి తెస్తుంది, మరికొందరిలో అసలు జబ్బును కప్పిపెడుతుంది. మీరు ఈ ముగ్గురిలో ఎవరో తేలాకే డబ్బు బయటికి తీయాలి.

ఎడమ చెయ్యి చెప్పిన నిజం

ఆమెను నేను అడిగిన మొదటి ప్రశ్న ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయని. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలిలో సగం అని చూపించారు. చిటికెన వేలు బాగానే ఉంది. రాత్రి రెండు మూడు గంటలకు మెలకువ వస్తోంది. చెయ్యి విదిలిస్తే కాసేపు హాయిగా ఉంటోంది. ఇది వైద్య విద్యార్థి కూడా గుర్తుపట్టే చిత్రం. మణికట్టు దగ్గర ఎముకలకూ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకైన సొరంగం లాంటి దారి ఉంటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే వెళ్లాలి. అక్కడ ఏ కొంచెం వాపు వచ్చినా నలిగేది నరమే. దాన్నే కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటాం.

ఇంతవరకూ మౌస్‌నే తప్పుపట్టొచ్చు. కానీ రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు కథ మార్చేసింది. ‘‘ఎడమ చెయ్యి ఎలా ఉంది?’’ అంటే, ‘‘అది కూడ మేడమ్, కాకపోతే కొంచెం తక్కువ’’ అన్నారు. ఆమె ఎడమ చేత్తో మౌస్ ముట్టరు. రెండు చేతులకూ ఒకేలా తిమ్మిరి వస్తోందంటే కారణం బల్ల మీద కాదు, ఒంట్లో వెతకాలి. అడిగితే ఒక్కొక్కటీ బయటికొచ్చాయి. ఏడాదిలో ఆరేడు కిలోల బరువు పెరిగారు. ఎప్పుడూ నీరసం, మలబద్ధకం, జుట్టు రాలడం. నెలసరి క్రమం తప్పింది. ఇవన్నీ ‘పని ఒత్తిడి’ అనుకున్నారు. రక్త పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ బాగా ఎక్కువగా ఉంది. హైపోథైరాయిడిజం. థైరాయిడ్ హార్మోను తగ్గితే ఒంట్లోని కణజాలాల్లో నీరు చేరి ఉబ్బుతాయి. ఆ ఇరుకు సొరంగంలోనూ అదే జరుగుతుంది.

ఆ రోజు ఆమె నేరుగా కంప్యూటర్ షాపుకి వెళ్లి ఉంటే ఏమయ్యేది? కొత్త వస్తువు మోజులో వారం రోజులు హాయిగా అనిపించేదేమో. తర్వాత తిమ్మిరి మళ్లీ వచ్చేది. ఇంకో వస్తువు కొనేవారు. థైరాయిడ్ మాత్రం ఇంకో ఏడాది కనపడకుండా ఉండిపోయేది.

థైరాయిడ్ ఒక్కటే కాదు. షుగరు ఉన్నవాళ్లకు కార్పల్ టన్నెల్ సమస్య వచ్చే అవకాశం ఎక్కువ. గర్భిణుల్లో, ముఖ్యంగా చివరి నెలల్లో వస్తుంది. కీళ్లవాతం తొలి దశలో ఇలాగే కనిపించవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ మాత్రలు ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లలో, పూర్తి శాకాహారుల్లో బీ12 లోపించి చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కుతాయి. మెడ దగ్గర నరం నొక్కుకుపోయినా నొప్పి చేతిలోకి పాకుతుంది. వీటిలో దేన్నీ ట్రాక్‌ప్యాడ్ తగ్గించదు. థైరాయిడ్, షుగరు పరీక్షలు ప్రభుత్వ ఆసుపత్రుల ద్వారా తెలంగాణ డయాగ్నస్టిక్స్‌లో ఉచితంగానే చేస్తారు. రెండున్నర వేల వస్తువు కంటే ముందు ఆ ఉచిత పరీక్ష చేయించుకోవడం తెలివైన పని కదా!

మా ఇంట్లోనూ అదే గొడవ

మాటలు చెప్పడం తేలిక. మా ఇంట్లోనూ ఈ తప్పు జరిగింది. మావారు అకౌంట్స్ పని చేస్తారు. కొంపల్లిలో మా ఫ్లాట్‌లోనే చిన్న గదిలో డెస్క్‌టాప్. జీఎస్టీ రిటర్నుల గడువు దగ్గర పడితే రోజుకు పది గంటలు దాని ముందే. ఆయనకు తిమ్మిరి లేదు. కుడి భుజం పట్టేసేది. రాత్రి బనియన్ తీయాలన్నా ‘అబ్బా’ అనేవారు.

ఓ రోజు ఆయన వెనకాల నిలబడి చూశాను. కీబోర్డుకు కుడివైపు అంకెల గళ్లు ఉంటాయి కదా, వాటి అవతల మౌస్. అంటే మోచెయ్యి ఒంటికి దూరంగా, చెయ్యి బయటికి చాచి గంటల తరబడి గాల్లో నిలబెట్టినట్టే. భుజం కండరం పట్టేయక ఏం చేస్తుంది? మౌస్ దగ్గరికి రావాలంటే అంకెల గళ్లు పోవాలి. అకౌంట్స్ చేసే మనిషికి అవి లేకపోతే కుదరదు. కాబట్టి కీబోర్డుకూ ఒంటికీ మధ్యలో పెట్టుకోగలిగే ట్రాక్‌ప్యాడ్ ఆయనకు తగిన ఆలోచనే. ఆలోచన మంచిదే, కొనడంలోనే దెబ్బతిన్నాం.

ఆన్‌లైన్‌లో అన్నిటికంటే చవగ్గా కనపడింది తెప్పించారు. అది బ్లూటూత్‌తో పనిచేసేది. మా పాత డెస్క్‌టాప్‌లో బ్లూటూత్ లేదు. దానికోసం వేరే డాంగిల్ కొన్నారు. పెట్టాక చూస్తే ప్యాడ్ అరచేతిలో సగం కూడా లేదు. తెర ఆ చివర నుంచి ఈ చివరకు బాణం గుర్తు వెళ్లాలంటే వేలు నాలుగుసార్లు ఎత్తి పెట్టాలి. మూడు వేళ్లతో పేజీలు మార్చొచ్చని ప్రకటనలో రాశారు. ఆయన కంప్యూటర్‌లో అది పనిచేయలేదు. సర్దుకుంటుందేమోనని రెండు వారాలు చూశారు. ఈలోగా వాపసు గడువు దాటిపోయింది. ఆ ప్యాడ్ ఇప్పటికీ మా షోకేసులో గాజు బొమ్మల పక్కన పడి ఉంది.

రెండోసారి సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు స్వయంగా వెళ్లి, చేత్తో తడిమి చూసి, వైరుతో వచ్చే పెద్ద ప్యాడ్ తెచ్చుకున్నారు. కీబోర్డు ముందు, బొడ్డుకు ఎదురుగా పెట్టుకున్నారు. నెల తిరిగేసరికి భుజం చాలావరకు తేలికపడింది. అయితే ఒక డాక్టరుగా ఇక్కడ నిజం చెప్పాలి. అదే నెలలో ఆయన కుర్చీ ఎత్తు పెంచారు, గంటకోసారి లేచి నడవడం మొదలుపెట్టారు. తగ్గింది ప్యాడ్ వల్లా, కుర్చీ వల్లా, నడక వల్లా అంటే నేను చెప్పలేను. మూడూ కలిశాయనే అనుకుంటున్నాను.

మూడో కథ: ప్యాడే తెచ్చిన నొప్పి

మేడ్చల్ పారిశ్రామిక వాడలో యంత్ర భాగాల డ్రాయింగులు గీసే ఓ కుర్రాడు వచ్చాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. మణికట్టు నొప్పి అని ఎవరో చెబితే మౌస్ పక్కన పడేసి ట్రాక్‌ప్యాడ్‌కు మారాడు. రెండు నెలలకు బొటనవేలి మొదట్లో భరించలేని నొప్పి. బండి యాక్సిలరేటర్ తిప్పలేకపోతున్నాడు. బొటనవేలిని పిడికిట్లో మూసి, మణికట్టును చిటికెన వేలి వైపు వంచమంటే కెవ్వుమన్నాడు. 1895లో స్విస్ సర్జన్ ఫ్రిట్జ్ డి కెర్వెయిన్ వివరించిన జబ్బు ఇది. ఆయన పేరుతోనే పిలుస్తాం. బొటనవేలిని కదిలించే స్నాయువుల తొడుగులో వాపు వస్తుంది.

కారణం అడిగితే తెలిసింది. డ్రాయింగులో గీతను పట్టి లాగాలంటే బొటనవేలితో ప్యాడ్‌ను నొక్కి పట్టుకుని, చూపుడువేలితో లాగేవాడు. రోజుకు కొన్ని వందలసార్లు. ఆ పనికి మౌసే మేలు. గురి చూసి చిన్న చుక్క మీద ఆగాల్సిన పనుల్లో ట్రాక్‌ప్యాడ్ మౌస్‌తో పోటీ పడలేదు. డ్రాయింగులు, ఫొటోల మెరుగులు, వీడియో ఎడిటింగ్, ఆటలు... ఇవి చేసేవాళ్లు ప్యాడ్‌కు మారే ముందు రెండుసార్లు ఆలోచించాలి. ఆ అబ్బాయికి బొటనవేలికి పట్టీ, కొన్నాళ్లు విశ్రాంతి ఇచ్చి, చేతికి సరిపడే సైజు మౌస్‌కు తిరిగి మార్పించాను.

ప్యాడ్ చేసేదేమిటి, చేయనిదేమిటి?

మౌస్‌ను డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో లోకానికి చూపించారు. దాని మొదటి నమూనా చెక్క పెట్టె. వేలితో రాసే ప్యాడ్ 1994లో యాపిల్ పవర్‌బుక్ ల్యాప్‌టాప్‌లతో జనానికి అలవాటైంది. డెస్క్‌టాప్ కోసం విడిగా యాపిల్ 2010లో మ్యాజిక్ ట్రాక్‌ప్యాడ్ తెచ్చింది. అది ఇప్పుడు మన దగ్గర పది వేల రూపాయల పైమాటే. అందుకే మధ్యతరగతి చూపు రెండు మూడు వేలలో దొరికే వేరే కంపెనీల ప్యాడ్‌ల మీద పడుతోంది. అందులో తప్పేం లేదు.

ప్యాడ్‌తో లాభం ప్రధానంగా మూడు విధాలు. వస్తువును పట్టుకుని ఉండక్కర్లేదు కాబట్టి పిడికిలి బిగుసుకోదు. ఒంటికి దగ్గరగా, మధ్యలో పెట్టుకోవచ్చు కాబట్టి భుజానికి శ్రమ తగ్గుతుంది. కుడి ఎడమల తేడా లేదు కాబట్టి చేతులు మార్చుకోవచ్చు. నష్టాలూ ఉన్నాయి. భుజం చేసే పని వేళ్ల మీద పడుతుంది. వేళ్లు గాల్లో ఎత్తి ఉంచడం వల్ల ముంజేతి పైభాగం కండరాలు అలసిపోతాయి. ప్యాడ్ ఎత్తుగా ఉంటే మణికట్టు వెనక్కి వంగుతుంది. అంటే ప్యాడ్ నొప్పిని తీసేయదు, బరువును ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారుస్తుంది. మీ నొప్పి భుజంలో ఉంటే ఆ మార్పు మంచిదే. వేళ్లలో, బొటనవేలి మొదట్లో ఉంటే కాదు.

శాస్త్రం ఏమంటోందని అడుగుతారేమో. ఆఫీసు ఉద్యోగుల మెడ, చేతుల నొప్పులను కుర్చీలు, బల్లలు, మౌస్‌ల మార్పుతో నివారించవచ్చా అని కోక్రేన్ సంస్థ 2018లో అధ్యయనాలన్నీ జల్లెడ పట్టింది. ముంజేతికి ఆధారం, వేరే రకం మౌస్ విషయంలో ఫలితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదని తేల్చింది. కాబట్టి ‘డాక్టర్లు సిఫారసు చేసిన ప్యాడ్’, ‘కార్పల్ టన్నెల్ నివారిణి’ అని డబ్బా మీద రాసి ఉంటే నమ్మి డబ్బు పెట్టకండి. అది వైద్యం కాదు, అమ్మకం.

కొనాలనే అనుకుంటే

పరీక్షలు అయ్యాయి, మీ నొప్పి భుజానిదే, పని కూడా ఎక్కువగా టైపింగు, చదవడం, పేజీలు జరపడమే. అలాంటప్పుడు ప్యాడ్ కొనండి. మా ఇంటి దెబ్బలు మీరు తినకుండా కొన్ని మాటలు.

మొదటిది, మీ కంప్యూటర్‌తో పొత్తు. విండోస్‌లో ‘ప్రిసిషన్ టచ్‌ప్యాడ్’ అనే పద్ధతి ఉంది. 2013లో విండోస్ 8.1తో వచ్చింది. ఆ పద్ధతికి సరిపోయే ప్యాడ్ అయితే రెండు, మూడు, నాలుగు వేళ్ల కదలికలను విండోసే గుర్తిస్తుంది. మీకు నచ్చినట్టు సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. ఆ పేరు వివరాల్లో లేకపోతే చవక ప్యాడ్ తరచుగా మామూలు మౌస్‌లాగే పనిచేస్తుంది. మ్యాక్ కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ‘మ్యాక్‌తో పనిచేస్తుంది’ అంటే చాలాసార్లు బాణం గుర్తు కదులుతుందని మాత్రమే అర్థం. యాపిల్ ప్యాడ్‌లో ఉండే నునుపైన కదలికలన్నీ వస్తాయని కాదు.

రెండోది, వైరా, బ్లూటూతా? డెస్క్‌టాప్ కదలదు, ప్యాడూ కదలదు. అలాంటప్పుడు వైరు ఉంటే నష్టమేమిటి? చార్జింగ్ గొడవ లేదు, మధ్యలో తెగిపోదు, ధర కూడా తగ్గుతుంది. బ్లూటూత్‌దే కావాలంటే ముందు మీ డెస్క్‌టాప్‌లో ఆ సదుపాయం ఉందో లేదో చూసుకోండి. చాలా పాత డెస్క్‌టాప్‌లలో ఉండదు.

మూడోది, సైజు. ప్యాడ్ మీద మీ నాలుగు వేళ్లూ విడివిడిగా ఆనాలి. అరచేయి వెడల్పు కంటే చిన్నదైతే వద్దు. పదేపదే వేలు ఎత్తి పెట్టడమే కొత్త నొప్పికి మొదలు.

నాలుగోది, ఎత్తు, వాలు. ప్యాడ్ ఎంత పలచగా ఉంటే అంత మంచిది. వెనక భాగం బాగా లేచి, ఏటవాలుగా ఉండే ప్యాడ్ మణికట్టును వెనక్కి విరిచేస్తుంది. చెయ్యి ఆనించి చూస్తే మణికట్టు, ముంజెయ్యి ఒకే గీతలో ఉండాలి.

అయిదోది, ఉపరితలం. ఈ ప్యాడ్‌లు వేలి చర్మం తాకినప్పుడు వచ్చే చిన్న విద్యుత్ మార్పును పసిగట్టి పనిచేస్తాయి. తడి, చెమట, నూనె ఉంటే తడబడతాయి. మన ఎండాకాలంలో ఫ్యాను కింద పనిచేసేవాళ్లకు ప్లాస్టిక్ ప్యాడ్ వేలికి అంటుకున్నట్టు ఉంటుంది. గాజు పూత ఉన్నది జారుగా ఉంటుంది కానీ ధర ఎక్కువ. ప్లాస్టిక్‌దే కొంటే గరుకుగా లేనిది చూసుకోండి. పక్కన ఒక పొడి గుడ్డ పెట్టుకోండి. వంటింట్లోంచి వచ్చి నేరుగా వేలు పెట్టకండి.

ఆరోది, నొక్కుడు. కొన్ని ప్యాడ్‌లలో పైభాగం ఎంత నొక్కినా దిగదు, కింది అంచునే గట్టిగా నొక్కాలి. అలాంటి దాంతో రోజుకు వెయ్యిసార్లు నొక్కితే వేలు ఏమవుతుంది? నొక్కకుండా మెల్లగా తట్టితే చాలు అనే సదుపాయం ఉందో లేదో చూడండి. ఉంటే మొదటి రోజే ఆన్ చేసుకోండి. నొప్పి విషయంలో నా లెక్కలో అన్నిటికంటే విలువైనది ఇదే.

చివరిది, వాపసు గడువు. ప్యాడ్ రాగానే డబ్బా దాచండి. మొదటి నాలుగు రోజులూ మీ అసలు పని దానితోనే చేయండి. సరదాగా కాదు. నచ్చకపోతే గడువు లోపలే తిప్పి పంపండి. ఆన్‌లైన్ అమ్మకందారు వాపసు నిబంధనలను ముందే స్పష్టంగా చూపించాలని 2020లో వచ్చిన ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మాట తప్పితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. బిల్లు మాత్రం పారేయొద్దు.

పైసా ఖర్చు లేని చికిత్స

కొనకముందే రెండు వారాలు ఇవి చేసి చూడండి. చాలామందికి ఇవే సరిపోతాయి.

కుర్చీలో కూర్చున్నప్పుడు మోచెయ్యి బల్ల ఎత్తులో ఉండాలి. డైనింగ్ టేబుల్ సాధారణంగా ఎత్తు ఎక్కువ. కింద దిండో, మడిచిన దుప్పటో వేసుకుని ఎత్తు పెంచుకోండి. పాదాలు గాల్లో వేలాడితే కింద పీట పెట్టుకోండి. మౌస్‌ను కీబోర్డుకు ఆనించినట్టు దగ్గరకు తెచ్చుకోండి. మణికట్టును బల్ల అంచు మీద మోపి రుద్దకండి. సెట్టింగ్స్‌లో బాణం గుర్తు వేగం కాస్త పెంచితే చెయ్యి తిరిగే దూరం తగ్గుతుంది.

మౌస్‌ను ఎడమ చేతికి మార్చి చూడండి. సెట్టింగ్స్‌లో రెండు బటన్లనూ అటూ ఇటూ మార్చుకోవచ్చు. మొదటి వారం విసుగ్గా ఉంటుంది. రెండో వారానికి అలవాటవుతుంది. కాపీ, పేస్ట్, సేవ్ లాంటి పనులకు కీబోర్డు మీటలు వాడితే మౌస్‌తో పనే సగం తగ్గుతుంది. అరగంట, ముప్పావుగంటకోసారి లేచి నాలుగు అడుగులు వేయండి.

ఇంకో మాట ఇంట్లోవాళ్లతో గొడవైనా చెప్పాలి. పగలంతా మౌస్ పట్టిన చెయ్యే సాయంత్రం బస్సులో రీల్స్ జరుపుతుంది, ఇంటికొచ్చి చపాతీ పిండి కలుపుతుంది, దుప్పట్లు పిండుతుంది. పడుకున్నాక మళ్లీ ఫోన్ పట్టుకుంటుంది. ట్రాక్‌ప్యాడ్ మీద చేసేదీ, ఫోన్ మీద చేసేదీ ఒకే కదలిక. పగలు ప్యాడ్, రాత్రి ఫోన్ అయితే ఆ వేలికి సెలవు ఎప్పుడు? ప్యాడ్ కొన్న ఇంట్లో ఫోన్ తగ్గకపోతే కొన్న ప్రయోజనం దక్కదు. దుప్పట్లు పిండే పని ఇంట్లో ఇంకో జత చేతులు పంచుకుంటే ఏ ప్యాడూ ఇవ్వలేని సుఖం ఆ మణికట్టుకు దొరుకుతుంది.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

తిమ్మిరి రాత్రిళ్లు నిద్ర చెడగొడుతుంటే, రెండు చేతుల్లోనూ ఉంటే, రెండు మూడు వారాలు జాగ్రత్తలు తీసుకున్నా తగ్గకపోతే రండి. గ్లాసు, గరిటె చేతిలోంచి జారిపోతుంటే, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమైతే, బొటనవేలి కింద కండ గుంటపడితే ఇక ఆలస్యం చేయొద్దు. నరం చాలాకాలం నలిగితే కండరం కరిగిపోతుంది. ఆ తర్వాత ఆపరేషన్ చేసినా పూర్తి బలం తిరిగి రాకపోవచ్చు. తొలి దశలో అయితే రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే స్ప్లింట్‌తోనే చాలామందికి ఉపశమనం ఉంటుంది. అవసరమైతే నరాల పరీక్ష, ఇంజెక్షను, ఆ తర్వాతే ఆపరేషన్.

మాట తడబడుతూ, మూతి వంకర పోతూ, ఒకవైపు చెయ్యి హఠాత్తుగా పట్టు తప్పితే అది కంప్యూటర్ వల్ల వచ్చింది కాదు. పక్షవాతం కావచ్చు. ఓపీ కోసం ఎదురుచూడకుండా వెంటనే 108కి ఫోన్ చేయాలి.

ఖర్చు ఎవరు భరించాలి?

నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధించే సంగతి ఇది. ఆ రోజు ఆమె చూపించిన 2,499 రూపాయలు ఆమె జీతంలోంచి పోవాల్సినవి. పని యజమానిది, కంప్యూటర్ యజమానిది, నొప్పి మాత్రం ఆమెది. మందూ ఆమె కొనుక్కోవాలి, మౌసూ ఆమె కొనుక్కోవాలి. ఇది ఎక్కడి న్యాయం? తాపీ మేస్త్రీకి హెల్మెట్ ఇచ్చినట్టే, కంప్యూటర్ ముందు ఎనిమిది గంటలు కూర్చోబెట్టిన మనిషికి ఎత్తు మార్చగలిగే కుర్చీ, చేతికి సరిపడే మౌసో ప్యాడో ఇవ్వడం యజమాని పని. అది దయ కాదు. చిన్న కేంద్రాల వాళ్లకు అన్నీ కొనడం కష్టమే, కాదనను. కానీ ఒక పీట, కుర్చీ మీద ఒక దిండు, గంటకు అయిదు నిమిషాల విరామం ఇవ్వడానికి ఎంత అవుతుంది? మనం క్యూలో నిలబడి ‘ఇంకా ఎంతసేపమ్మా’ అని విసుక్కునేటప్పుడు ఆ అయిదు నిమిషాలు గుర్తుంచుకుంటే అదీ ఓ వైద్యమే.

పదివారాల తర్వాత ఆమె మళ్లీ వచ్చారు. థైరాయిడ్ మాత్ర పరగడుపున క్రమం తప్పకుండా వేసుకుంటున్నారు. రాత్రిళ్లు స్ప్లింట్ పెట్టుకుంటున్నారు. టీఎస్‌హెచ్ దిగుతోంది. నిద్ర బాగా పడుతోందట. కుడి చెయ్యి మాత్రం సాయంత్రాలు ఇంకా కొంచెం బరువెక్కుతోందన్నారు. వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, ‘‘మేడమ్, మరి ఆ ట్రాక్‌ప్యాడ్ ఇప్పుడు తీసుకోనా?’’ అని అడిగారు.

‘‘ఇప్పుడు తీసుకోవచ్చు. కానీ ముందు మీ సార్‌ను అడగండి, కొనిస్తాడేమో’’ అన్నాను.

నవ్వారు. అడిగారో లేదో వచ్చే నెల మందులకు వచ్చినప్పుడు తెలుస్తుంది.